బియ్యపు పిండి, బెల్లము, ఇంటిల్లిపాది
(ప్రసంగ పాఠము)



జపాను దేశమున డిసెంబరు నెల చివరి దినములలో అనేక గృహముల ముంగిళ్లయందును, ఆలయ ప్రాంగణములయందును, పాఠశాలలయందును ఒక చప్పుడు వినవచ్చును. అది రోకటి పోటు. ముందటి రాత్రి నానబెట్టిన జిగురు బియ్యమును కొయ్య పెట్టెలలో ఆవిరిపై ఉడికించి, వేడి చల్లారకముందే పెద్ద రోటిలో పోయుదురు. ఆ రోలు పేరు ఉసు. కొయ్య సమ్మెటవంటి రోకలి పేరు కినే. ఒకరు కినేను ఎత్తి కొట్టుచుండగా, మరియొకరు రోటి ప్రక్కన కూర్చుండి, రెండు పోట్ల నడుమ ఉన్న క్షణమాత్రపు వ్యవధిలో తడి చేతితో ముద్దను మడచి త్రిప్పుచుందురు. లయ తప్పినచో చేయి నలుగును. కనుక ఇరువురును కేకలతో లెక్క పెట్టుకొనుచు పని చేయుదురు. చుట్టును పిల్లలు నిలిచి చూతురు. కొంతసేపటికి వారి చేతికిని చిన్న రోకలి ఇత్తురు. మెతుకు కనబడకుండ నలిగి, సాగుచు, పాలవలె తెల్లనైన ఆ ముద్దయే మోచి. అమ్మమ్మలును పిల్లలును కూర్చుండి దానిని బియ్యపు పిండి చల్లిన బల్లపై ఉండలు చేయుదురు.

ఈ పనికి డిసెంబరు 28 మంచి దినమని అచటివారి నమ్మకము. ఎనిమిది అంకెను వ్రాయు లిపి క్రిందికి విశాలమగుచు పోవును గనుక అది వృద్ధికి గుర్తు. 29వ తేదీ మాత్రము పనికిరాదు. తొమ్మిదిని పలుకు ధ్వని వారి భాషలో కష్టమను మాటకు సమానము. వర్జ్యము, దుర్ముహూర్తము చూచుకొని మూకుడు పొయ్యిపై పెట్టు తెలుగు గృహిణికి ఈ సంగతి వింతగా తోచదు.

జపానీయుల తీపి వంటకములకు వాగాషి అని పేరు. పాశ్చాత్యుల కేకులు, బిస్కత్తులు ఆ దేశమున ప్రవేశించిన పిమ్మట, వానినుండి వేరుపరచుటకై ఈ పేరు వాడుకలోనికి వచ్చినది. వీనిలో పాలు, వెన్న దాదాపు లేవు. బియ్యపు పిండి, అజుకి అను ఎఱ్ఱని చిన్న చిక్కుడు గింజల ముద్ద, చక్కెర, ఇవియే మూల ద్రవ్యములు. ఋతువును బట్టి, పండుగను బట్టి రూపము మారును. మార్చి 3న ఆడపిల్లల పండుగకు మూడు రంగుల పొరలతో పలకగా కోసిన మోచి. మే 5న మగపిల్లల పండుగకు సిందూర జాతి వృక్షపు ఆకులో చుట్టినది. వసంత, శరత్కాలములలో పగలును రాత్రియు సమానమగు దినములందు పితరుల సమాధులయొద్ద నివేదించునది. శరత్పూర్ణిమనాడు చంద్రునికి ఎదురుగా పేర్చు తెల్లని ఉండ్రములు. ఈ చివరి వానిని దాంగో అందురు. వినాయక చవితి నాటి ఉండ్రాళ్లను ఎఱిగినవారికి వాని వర్ణన అక్కరలేదు. పితృదేవతలకును, చంద్రునికిని, పసిపిల్లలకును ఒకే పిండితో మర్యాద చేయుట తెలుగువారికిని క్రొత్త కాదు.

ఇంత దూరపు దేశపు ముచ్చటతో రాయపురము ప్రక్కనున్న భన్‌పురికి ఏమి పని యని కొందరు అడుగవచ్చును. బస్తరు ప్రాంతమున మరొక భన్‌పురి కలదు గాని, ఇచట ప్రస్తావన రాయపురమునకు ఉత్తరమున, బిలాసపురము పోవు మార్గమున కర్మాగారముల నడుమనున్న భన్‌పురిని గూర్చి. ఈ ప్రాంతమునకు తెలుగువారి రాక రైలు మార్గముతో ముడిపడియున్నది. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయపురము వఱకు మార్గము 1931లో పూర్తియైనది. ఉత్తరాంధ్రపు కుటుంబములు ఆ పట్టాల వెంట పనికై వచ్చినవి. వారితో పాటు కవ్వము, చట్రాలు, అరిసెల చెక్కలు కూడ వచ్చినవనుటలో సందేహము లేదు. కవ్వమును వదలివచ్చినను సంక్రాంతిని వదలిరాలేరు గదా!

అరిసె తెలుగువారి సొత్తు అని అనుకొనుట సహజమే గాని, అది అంత సులభముగా ఒకరి సొత్తగునది కాదు. తమిళులు దానిని అదిరసమందురు. తిరుమల దేవాలయ శాసనములలో నైవేద్యముల నడుమ అతిరసప్పడి యను పేరు కానవచ్చును. ఒడిసా వారు అరిస పిఠా అందురు. మహారాష్ట్రులు దీపావళికి అనార్సె చేసి, దానికి ఒక ప్రక్క గసగసాలు అద్దుదురు. గయలోని అనర్సా బిహారు వారికి గర్వకారణము. హిమాలయ ప్రాంతమగు గఢ్వాలులో పెండ్లికూతురితో అర్సాలు సారె పంపుదురు. ఇక ఛత్తీస్‌గఢు పల్లెలలో పెండ్లిండ్లకును, పండుగలకును చేయు అయిరసా ఏమి? నానిన బియ్యమును దంచిన పిండి, బెల్లపు పాకము, నూనె. భన్‌పురి తెలుగు గృహిణి తన ప్రక్కింటి ఛత్తీస్‌గఢీ గృహిణికి అరిసెను ఇచ్చినపుడు ఆమె ఆశ్చర్యపడదు. పాకము ముదిరినదా, లేతయైనదా యని మాత్రము కొరికి చూచును.

ఛత్తీస్‌గఢు ధాన్యపు దేశము. రాయపురములోని ఇందిరాగాంధి కృషి విశ్వవిద్యాలయమున 20 వేలకు పైగా వరి విత్తన నమూనాలు భద్రపరచబడియున్నవి. దానికి పునాది వేసినవారు డాక్టరు ఆర్. హెచ్. రిచారియా. ఊరూర తిరిగి, రైతులు పెట్టుకొన్న పేర్లతో సహా గింజలను సేకరింపజేసిన మహనీయుడు. నగరి ప్రాంతపు దూబరాజ్ అను సువాసన బియ్యమునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. అదే సంవత్సరము తూర్పు గోదావరి ప్రాంతపు ఆత్రేయపురము పూతరేకులకును ఆ గౌరవము దక్కినది. బోర్లించిన కుండ అడుగున, మంట సెగపై, బియ్యపు పాలలో ముంచిన గుడ్డను ఒక్క తడవ లాగి, కాగితముకంటె పలుచని రేకును తీయు ఆ స్త్రీల నేర్పు జపాను శిల్పులకును తల ఊపదగినదే.

నవంబరు గడచునప్పటికి ఛత్తీస్‌గఢు అంగళ్లలో కొత్త బియ్యము దొరకును. అరిసెకు కావలసినది కొత్త బియ్యమే. పాతదైనచో పిండికి జిగి చాలదు. అంటే తెలుగు సీమను విడచి వచ్చినవాడు అరిసె విషయమున నష్టపడినది ఏమియు లేదు. బెల్లము సంగతి కొంచెము వేరు. అనకాపల్లి బెల్లమే కావలెనని కొందరు పట్టుపట్టి బంధువులచే తెప్పించుకొందురు. కవర్ధా ప్రాంతమున చెఱకు పంటయు, బెల్లపు బట్టీలును విస్తారముగా ఉన్నవి. అచటి ముదురు రంగు బెల్లము అరిసెకు చక్కగా పనికివచ్చును. తెల్లగా మెరయు బెల్లముకంటె నల్లనిదియే మేలు. తెలుపు కొరకు కొందరు మందులు కలుపుదురు.

ఇక పని యెట్లు సాగును? బియ్యమును ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, నడుమ నీరు మార్చుచుండవలెను. పిమ్మట వాడ్చి, పలుచని పంచెపై ఆరబోయవలెను. పల్లెలో ఈ పని డాబాపై జరుగును. భన్‌పురిలో డాబా పనికిరాదు. ఉర్లా, సిల్తరా వైపు ఇనుప కర్మాగారముల పొగతో వచ్చు నల్లని నుసి ఆరవేసిన బట్టలను విడువదు, బియ్యమును విడుచునా? కనుక తలుపులు మూసి, గదిలో పంకా క్రింద పఱచుటయే ఇచటి పద్ధతి. బియ్యము పూర్తిగా ఆరరాదు. పిడికిట పట్టినపుడు తడి తెలియవలెను, నీరు కారరాదు. గోధుమలు పట్టు చక్కీవారు తడి బియ్యమును తమ రాళ్ల నడుమ పోయనీయరు. రోలును, రోకలియు ఉన్నవారు అదృష్టవంతులు. ఛత్తీస్‌గఢు పల్లెలో కాలితో త్రొక్కి దంచు ఢేంకీ ఉండెడిది. ఇపుడు అదియు అరుదైనది. మిక్సీలో కొంచెము కొంచెముగా వేసి జల్లించుకొనుటయే మిగిలిన మార్గము. జల్లించిన పిండిని గాలి తగులనీయక అదిమి, తడిగుడ్డ కప్పియుంచవలెను.

తడి పిండియే యేల? పొడి పిండి పాకమును త్రాగివేయును, అరిసె బీటలు వారును. నానిన గింజ మెత్తబడి సన్నగా నలుగును. ఆ తడియే పాకముతో కలిసి చలిమిడికి సాగుడు నిచ్చును. ఇచట జపాను బియ్యమునకును తెలుగువారి బియ్యమునకును గల భేదము చెప్పుట ఉచితము. పిండి పదార్థమున అమైలోజు, అమైలోపెక్టిను అని రెండు భాగములుండును. మోచికి వాడు జిగురు బియ్యములో మొదటిది దాదాపు లేదు. అందుచేత దంచిన కొలది అది బంకవలె సాగును. సామాన్య బియ్యమున ఆ గుణము తక్కువ; దానికి జిగురు సమకూర్చునది బెల్లపు పాకము. జపానీయుడు రోకటిచే సాధించు దానిని తెలుగు గృహిణి పొయ్యిపై సాధించును.

ఆ జిగురు వలననే మోచి వృద్ధుల గొంతులో చిక్కుకొను ప్రమాదము కలదు. దానిని చిన్న ముక్కలుగా కోసి తినుడని టోక్యో అగ్నిమాపక శాఖవారు కొత్త సంవత్సరపు దినములలో ప్రజలను హెచ్చరించుచుందురు. అరిసె వలన అట్టి భయము లేదు. పండ్లు లేని తాతగారు దానిని పాలలో నానవేసికొందురు.

కిలో బియ్యమునకు ముప్పాతిక కిలో బెల్లము సామాన్యపు లెక్క. బెల్లమును కొద్ది నీటితో కరగించి, ఇసుక పోవునట్లు వడకట్టి, మరల పొయ్యిపై పెట్టవలెను. నురుగు మారుచు, బుడగలు చిన్నవై చిక్కబడును. అపుడు పళ్లెములో నీరు పోసి ఒక చుక్క వేయవలెను. కరగిపోయినచో ఇంకను కావలెను. తీగ సాగి, వ్రేళ్లకు మెత్తని ఉండగా అందినచో దింపవలెను. ఉండ గట్టిపడి పళ్లెమునకు కొట్టినపుడు టంగున మ్రోగినచో అది అరిసెకు మించిపోయినట్లే. లేతపాకపు అరిసె నూనెలో విడిపోవును. ముదురుపాకపు అరిసె మరునాటికి చెక్కయగును. ఈ రెంటి నడుమ ఉన్న కాలము కొన్ని నిముషములు మాత్రమే. పాశ్చాత్య మిఠాయి తయారీదారులు చక్కెర పాకపు ఈ దశకు సుమారు 112 మొదలు 116 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి నిర్ణయించిరి. బెల్లము బెల్లమునకు గుణము మారును గనుక ఉష్ణమాపకము సహాయకారియే గాని అధికారి కాదు. తుది సంతకము వ్రేళ్లదే.

దింపిన పాకమున నువ్వులు, ఏలకుల పొడి, నేయి వేసి, పిండిని కొద్దికొద్దిగా జల్లుచు తెడ్డుతో ఉండలు కట్టకుండ కలుపవలెను. ఇదియే అసలైన కష్టము. ముద్ద బిగిసిన కొలది తెడ్డు కదలదు, గిన్నె తిరిగిపోవును. ఒకరు గిన్నెను పట్టుకొనగా ఒకరు కలుపవలసినదే. అపుడు సిద్ధమైనది చలిమిడి. దానిలో కొంత తీసి దేవుని ముందు పెట్టి, పిల్లలకు తలకొక ఉండ పంచుట ఆచారము. గర్భవతికిని, అత్తవారింటికి వెడలు ఆడపడుచునకును చలిమిడి పెట్టుట కడుపు చలువ కొరకని పెద్దలందురు. మిగిలినదానిని నేయి రాచిన అరటాకుపై తట్టి, మధ్యస్థమైన సెగపై వేయించి, రెండు చెక్కల నడుమ ఒత్తి నూనె పిండుదురు.

ఇంతవఱకు వంట. ఇక చెప్పవలసినది ఆ వంటను చేయువారిని గూర్చి.

అనేక గృహములలో సంక్రాంతికి ముందు జరుగునది ఇది: గృహిణి యొక్కతె అర్ధరాత్రి వఱకు పొయ్యియొద్ద నిలుచును. యజమాని పత్రిక చదువుచు, వాసన బాగున్నదని మెచ్చుకొనును. పిల్లలు ఫోను చూచుచుందురు. మరునాడు అందరును కలిసి తిని, తెలుగు సంస్కృతిని నిలబెట్టితిమని సంతోషింతురు. అట్టి యింట చాకిరీ కలదు గాని సంస్కృతి కలదనుట కష్టము. ఆ గృహిణి పది పండుగల తరువాత అలసి, బజారు అరిసె తెచ్చిన నేమి యని తలంచినచో తప్పు ఆమెది కాదు. జపానులో మోచి దంచుట యంత్రములకును, దుకాణములకును చాలవఱకు పోయినది. పెక్కు యిండ్లలో కొత్త సంవత్సరపు అలంకార మోచి నేడు ప్లాస్టికు తొడుగులోనే వచ్చుచున్నది. అయినను పాఠశాలలును, పేటల సంఘములును ఏడాదికొకమారు రోటిని బయటకు తీయుచున్నవి. రోకటి పనికి ఇద్దరు లేనిదే వీలులేదు గనుక అది ఒంటరి చాకిరీగా మారలేదు. యునెస్కో 2013 డిసెంబరులో జపానీయుల సాంప్రదాయిక ఆహార సంస్కృతిని, విశేషించి కొత్త సంవత్సరపు వేడుకకు సంబంధించినదానిని, మానవాళి అమూర్త వారసత్వ సంపద పట్టికలో చేర్చినది. అచట గుర్తింపు పొందినది ఒక తీపి కాదు. అందరును కలిసి చేసికొని తిను వాడుక.

భన్‌పురి వంటి చోట మరొక చిక్కు కలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి బదిలీల మనిషి. పాకము తెలిసిన అత్తగారు బొబ్బిలిలోనో, సాలూరులోనో ఉందురు. కోడలు రాయపురములో ఉండును. పాకము చూపుటకు ఫోను పనికివచ్చును గాని, తాకించుటకు పనికిరాదు. అమ్మా, ఇది ఉండపాకమేనా యని ఇచటివారు తెరకు పళ్లెము చూపుదురు. ఇంకొక్క పొంగు రానీయమ్మా యని అచటినుండి సమాధానము వచ్చులోపల పాకము ముదురును! పెద్దావిడ కొలతలు సోల, తవ్వ, మానెడు. తక్కినది కంటి కొలత. ఆమె గతించినచో ఆ యింటి అరిసె ఆమెతోనే పోవును. అపుడు మిగులునది అంగటి పొట్లము. ఇది అతిశయోక్తి కాదు; కుడుములు, పోకుండలు, కజ్జికాయలు చేయు చేయి లేని యిండ్లను లెక్కించుట మొదలిడినచో ఎవరి లెక్క వారికే తెలియును.

పని పంచుకొనుటకు ఈ వంటయందు సహజముగానే స్థానములున్నవి. బియ్యము కడిగి వాడ్చుట పెద్దపిల్లలది. జల్లెడ పట్టుట చిన్నవారికి ఆట. పిండి నేలపై కొంత పడును, పడనిండు. పాకపు పళ్లెమును పట్టుకొని చుక్కను వ్రేళ్లతో కూర్చి చూచు పని పదేండ్ల పిల్లకు గాని, పిల్లవానికి గాని ఒప్పగింపవలెను, పెద్దవారు ప్రక్కన నిలిచి. చుక్క పళ్లెములోని చల్లని నీటిలో పడి చల్లారిన తరువాతనే ముట్టనీయవలెను. పాకము గిన్నెకును, నూనె మూకుడుకును పిల్లలు దూరము. తెడ్డు త్రిప్పుట, చెక్కలతో ఒత్తుట యజమానికి తగిన పని. కార్యాలయమున దస్త్రముల బరువు మోసిన చేతులు అరగంట తెడ్డు మోయలేవా? నూనె యొద్ద ఎవరికి అలవాటున్నదో వారు నిలువవలెను. అది గృహిణియే కావలెనని శాస్త్రమేమియు లేదు. పెద్దావిడ వచ్చినపుడు ఆమె సోలను త్రాసుపై పెట్టి, గ్రాములలో వ్రాసికొని యుంచుట ఎవరైనను చేయవలసిన పని. నోటు పుస్తకములో ఒక పుట చాలును.

ఒక కిలో బియ్యముతో మొదలిడుట మంచిది. మొదటి యేడు కొన్ని అరిసెలు నూనెలో విడిపోవచ్చును. విడిపోయినదానిని తీసి, చలిమిడిలో కొంచెము పొడి పిండి కలిపి మరల తట్టుదురు. అప్పటికిని కుదురనిచో ఆ ముద్దను చలిమిడిగానే తినవచ్చును. గట్టిపడిన అరిసెను ఆవిరిపై కొన్ని నిముషములు ఉంచినచో మెత్తబడును. జపానీయులును అంతే. జనవరి 11న అలంకార మోచి ఎండి బీటలు వారియుండును. దానిని కత్తితో కోయక సుత్తితో పగులగొట్టి, అజుకి గింజల తీపి పులుసులో వేసి త్రాగుదురు. కోయుట అను మాటయే అశుభమట.

సంక్రాంతి వెడలిన కొద్ది దినములకు గాని, ఒక్కొక్క యేడు కొంచెము ముందుగా గాని, పుష్య పూర్ణిమ వచ్చును. ఆ దినము ఛత్తీస్‌గఢు పిల్లలు సంచులు పట్టుకొని, ఛేర్‌ఛేరా యని కేకలిడుచు ఇంటింటికిని వచ్చి కొత్త ధాన్యము అడుగుదురు. భన్‌పురిలోని తెలుగు యిండ్లలో వడ్లు ఉండవు గనుక చాలమంది నాణెములు ఇచ్చి పంపుదురు. డబ్బాలో అరిసెలు మిగిలియున్నచో తలకొకటి ఆ సంచులలో వేయవచ్చును. ఆ పిల్లలు దానిని చూచి అయిరసా అనియే పిలుతురు.